స్టెంట్ తీసేశారు.. మరి తగ్గినట్టేనా?

మొన్న ఆదివారం హుజూర్‌నగర్ వెళ్లినప్పుడు అన్నం పెడుతూ అమ్మ అడిగింది: "మట్టపల్లి మొక్కు ఎప్పుడు తీర్చాలె బిడ్డా? గొట్టాలు తీసేసిన్రు గదా. తగ్గినట్టా, తగ్గనట్టా?"

ఆఫీసులో రోజుకు పదిసార్లు 'ఇది క్లోజ్ చేసేయొచ్చా' అని అడిగే ఉద్యోగం నాది. ఫిక్స్ పెట్టామా, టెస్టులు పాసయ్యాయా, లైవ్‌లోకి వెళ్లాక కస్టమర్ మళ్లీ ఫోన్ చేశాడా.. ఇవన్నీ చూసి టికెట్ మూసేస్తాం. అమ్మ టికెట్ మాత్రం ఏడాదిన్నరగా తెరిచే ఉంది. అవుననీ చెప్పలేక, కాదనీ చెప్పలేక తల దించుకుని పప్పన్నం తిన్నాను.

పోయినేడాది సెప్టెంబర్‌లో రెండు వారాలు ఈ కాలమ్ రాలేదు. ఎందుకని కొందరు అడిగారు. అప్పుడు ఏదో పని ఒత్తిడి అని తప్పించుకున్నాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టే ఇన్నాళ్లు పట్టింది.

2024 సంక్రాంతి తర్వాత అమ్మకు పిత్తాశయంలో రాళ్లని లాప్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. ఎక్కడ, ఎవరు అన్నది రాయను. దాన్ని రచ్చకెక్కించడం ఈ కాలమ్ పని కాదు. మూడో రోజుకు ఇంటికొచ్చేసింది. మార్చి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత రాత్రిళ్లు ఒళ్లంతా ఒకటే దురద. అరచేతులు, అరికాళ్లు గీకి గీకి ఎర్రబడేవి. ఎండలకు చెమటకాయ అనుకున్నారు. తర్వాత మూత్రం చిక్కటి టీ డికాక్షన్‌లా రావడం, కళ్లు పచ్చబడటం మొదలయ్యాయి.

మన దగ్గర కళ్లు పచ్చబడితే మొదట గుర్తొచ్చేది పసరు. పెద్దమ్మ వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. మూడు ఆదివారాలు పసరు తాగించారు. ఉప్పు బంద్, కారం బంద్, నూనె బంద్. నాకు ఫోన్‌లో చెప్పింది నాలుగో వారంలో. పసరు తాగి తగ్గినవాళ్ల పేర్లు మా వీధిలో ఓ పదైనా చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కలుషిత నీటితో, తిండితో వచ్చే వైరస్ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో ఏం తాగినా దానికే పేరొస్తుంది. కానీ పైత్యనాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లు అలా తగ్గవు. దారి తెరిస్తే తప్ప లోపలి పైత్యం బయటికి రాదు. మందు పనిచేసిందా లేదా అన్న ప్రశ్నలో మనం ఎంత తేలిగ్గా మోసపోతామో అక్కడే మొదటిసారి తెలిసింది. తర్వాత ఇంకా చాలాసార్లు తెలిసింది.

హైదరాబాద్ తీసుకొచ్చి రక్తపరీక్ష చేయిస్తే బిలిరుబిన్ 9.4. మామూలుగా ఒకటికి అటూ ఇటూ ఉండాలి. ఏఎల్‌పీ అనే ఇంకో లెక్క ఉంటుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. అది 640. ల్యాబ్ కాగితం మీద గరిష్ఠం 120 అని ఉంది. స్కానింగ్‌లో కాలేయం లోపలి నాళాలు ఉబ్బి ఉన్నాయన్నారు. ఎంఆర్‌సీపీ తీస్తే అసలు బొమ్మ కనిపించింది.

మా నాయినకు డాక్టర్ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ఏం చేస్తారని అడిగి, సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి అని చెప్పాక, కాగితం మీద కాలువలే గీశాడు. కాలేయం కుడి వైపు నుంచి ఒకటి, ఎడమ వైపు నుంచి ఒకటి పిల్లకాలువలు వచ్చి కలుస్తాయి. కలిశాక ఒకటే పెద్ద కాలువ. అది కిందికి దిగి చిన్నపేగులో పడుతుంది. పిత్తాశయం ఆ కాలువ పక్కన ఉన్న చిన్న కుంట, దానికో సన్నటి తూము. కుంటను తీసేసేటప్పుడు ఆ తూమునే కట్ చేయాలి. కానీ వాపు, రక్తం, అతుకులు ఉన్నప్పుడు పెద్ద కాలువే తూములా కనిపించొచ్చు. లేదా పక్కనే వాడిన విద్యుత్ వేడి దానికి తగలొచ్చు. వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదింటిలో ఇలా నాళానికి దెబ్బ తగులుతుందని వైద్యులు చెప్పే అంచనా. నాళం పూర్తిగా తెగిపోతే పేగును పైకి తెచ్చి కాలేయ నాళానికి కుట్టే పెద్ద ఆపరేషన్ కావాలి. అమ్మకు తెగలేదు. దెబ్బ తగిలిన చోట మచ్చ కట్టి, ఆ మచ్చ వారాల తరబడి బిగుసుకుంటూ దారిని సూదిమొన అంత చేసింది. క్యాన్సర్ కాదు. అయినా అనుమానం లేకుండా లోపలి నుంచి బ్రష్‌తో కణాలు తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్ట్ వచ్చేదాకా ఉన్న ఐదు రోజుల గురించి రాయడం నా వల్ల కాదు.

వైద్యం పేరు ఈఆర్‌సీపీ. నోట్లోంచి కెమెరా గొట్టం చిన్నపేగు మొదటి మలుపు దాకా పంపి, పైత్యనాళం తెరుచుకునే చోట చిన్న గాటు పెట్టి, అందులోంచి సన్నటి తీగను పైకి ఎక్కిస్తారు. ఇరుకు దాటాక ఆ తీగ మీదుగా బెలూన్ పంపి ఉబ్బించి సాగదీస్తారు. బెలూన్‌తో వదిలేస్తే మచ్చ మళ్లీ దగ్గరికి లాగేసుకుంటుంది. అందుకని ప్లాస్టిక్ స్టెంట్ పెడతారు. దాని మందం 3.3 మిల్లీమీటర్లు, అంటే బాల్‌పెన్ రీఫిల్ అంత. ఒకటి పెట్టగానే కామెర్లు దిగిపోతాయి. మూడు వారాల్లో అమ్మ బిలిరుబిన్ రెండు లోపుకొచ్చింది. దురద పోయింది. ఉప్పూకారం తిన్నది. మా ఇంట్లో పండగ.

అయితే కామెర్లు దిగడం వేరు, ఇరుకు నయం కావడం వేరు. ఆ గొట్టం లేకపోతే దారి మళ్లీ మూసుకుపోతుంది. నయం కావాలంటే మచ్చ వెడల్పుగా ఉన్న దశలోనే గట్టిపడాలి. దానికి సుమారు ఏడాది పడుతుంది. ప్లాస్టిక్ స్టెంట్లకేమో మూడు నెలలకు నాచు పట్టిన తూములా పైత్యం మడ్డి పేరుకుని పూడిక పడుతుంది. కాబట్టి మూడు నెలలకోసారి పాతవి తీసి కొత్తవి పెట్టాలి. పెట్టినప్పుడల్లా ఇంకొకటి ఎక్కువ. ఒకటి, తర్వాత రెండు పక్కపక్కన, ఆ తర్వాత మూడు.

"ఇన్నిసార్లు ఎందుకు సార్, ఒకేసారి పెద్దది పెట్టరాదా?" అని అడిగాను. పెద్దది ఉంది. పైన పొర తొడిగిన లోహపు స్టెంట్. లోపల విచ్చుకుంటే 10 మిల్లీమీటర్లు అవుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఒక్కటే ఉంచి తీసేయొచ్చు. కానీ అమ్మకు ఇరుకు పడింది రెండు పిల్లకాలువలు కలిసే చోటుకు బాగా దగ్గరగా. పొర ఉన్న స్టెంట్ అక్కడ విచ్చుకుంటే ఒక పిల్లకాలువ నోరు మూసేస్తుంది. అందుకే ప్లాస్టిక్ దారి.

మొదటి స్టెంట్ ఏప్రిల్ ఆఖరులో. అంటే మార్చాల్సింది జులై ఆఖరులో. ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. అది మోగిన రోజు మాకు ఆఫీసులో పెద్ద రిలీజ్. ఇంటికి ఫోన్ చేశాను.

"ఇంక ఎందుకు బిడ్డా? మంచిగనే తింటున్న, మంచిగనే పంటున్న. కండ్లు సూడు, తెల్లగున్నయి," అంది అమ్మ.

నాయిన ఫోన్ తీసుకున్నాడు. "నేడో రేపో కాలువకు నీళ్లు ఇడుస్తరంటున్నరు. నారు ముదురుతున్నది. నాట్లు అయినంక పోదాం తియ్యి."

నేను గట్టిగా పట్టుబట్టలేదు. నాకూ లోపల అదే కావాలేమో. రిమైండర్‌ను రెండు వారాలు ముందుకు జరిపాను. తర్వాత ఇంకోసారి జరిపాను. సిస్టమ్‌లో ఎర్రలైటు వెలిగితే అర్ధరాత్రి లేచి చూసే నేను, అమ్మ విషయంలో ఒక్క వేలితో 'స్నూజ్' నొక్కాను. తొందరపెట్టే నొప్పి ఏదీ లేదు మరి. ఈ జబ్బులో మోసం అక్కడే ఉంది. స్టెంట్ పనిచేస్తున్నంత కాలం మనిషికి ఏమీ తెలియదు. పూడిక పడుతున్నప్పుడూ ఏమీ తెలియదు.

ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 పగలు పడిన వానలు సూర్యాపేట జిల్లాలో ఎవరూ మరిచిపోరు. కోదాడ మునిగింది. సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ వారమంతా మా వీధిలో ఇంటికొక జ్వరం. బుధవారం అమ్మకూ వచ్చింది. వానలో తడిసింది, వైరల్ జ్వరమని ఆర్‌ఎంపీ సూది వేశాడు. ఆయన్ను తప్పుపట్టను. అమ్మ కడుపులో ప్లాస్టిక్ గొట్టం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. గురువారం రాత్రి పదింటికి నాయిన ఫోన్: "దుప్పట్లు మూడు కప్పినా వణుకు ఆగుత లేదు. కండ్లు మల్ల పచ్చగ కొడుతున్నయి."

స్టెంట్ ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వస్తే అది నాళంలో చీము పట్టిందన్న సూచన. గంటలు లెక్క. ఇది నాకు ఏప్రిల్‌లోనే డిశ్చార్జ్ కాగితం మీద రాసిచ్చారు. చదివాను కూడా. కారు మాట్లాడి, కోదాడ వైపు రోడ్లు ఎలా ఉన్నాయో తెలియక మిర్యాలగూడ మీదుగా తీసుకొచ్చారు. నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. తెల్లవారుజామున మూడున్నరకు దించేసరికి బీపీ పడిపోయి ఉంది. పొద్దున్నే ఈఆర్‌సీపీ చేసి పాత స్టెంట్ తీస్తే మడ్డితో నిండా పూడిపోయి ఉందన్నారు. దాని వెనకాల చీము. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది, అందులో రెండు ఐసీయూలో. ఆ రెండు వారాలే ఈ కాలమ్ రాలేదు.

ఆ వార్డులో ఇంకో పెద్దాయన ఉండేవాడు. స్టెంట్ పెట్టి మూడేళ్లయింది. మార్చాలని ఎవరో చెప్పారు, ఆయన విన్నాడు, ఊరికెళ్లాడు, బాగున్నాడు, మరిచిపోయాడు. గొట్టం చుట్టూ రాయి కట్టి, ఏది స్టెంటో ఏది రాయో తెలియకుండా పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా పైత్యనాళంలో స్టెంట్ ఉంటే, అది తీయాల్సిన తేదీ మీకు తెలుసా? ఇప్పుడే కాగితం వెతకండి. కాలమ్ తర్వాత చదవొచ్చు.

అప్పటి నుంచి ఒక్క తేదీ తప్పలేదు. సెప్టెంబర్‌లో రెండు స్టెంట్లు, డిసెంబర్‌లో మూడు, 2025 మార్చిలో నాలుగు. జూన్ ఆఖరులో అన్నీ తీసేశారు. ఖర్చు సంగతి, ఇన్సూరెన్స్ వాళ్లతో నా యుద్ధం సంగతి ఇంకో వారం రాస్తాను. దానికి ఓ కాలమ్ సరిపోదు.

తీసిన రోజు డాక్టర్ కంప్యూటర్‌లో బొమ్మ చూపించాడు. నాళంలోకి రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే. ఏడాది కింద నడుము దగ్గర బిగించి కట్టినట్టున్న చోట ఇప్పుడు నడుమే లేదు. ఇరుకు పైన బెలూన్ ఉబ్బించి కిందికి లాగితే పట్టుకోకుండా జారిందట. రంగుమందు కూడా నిలవకుండా నిమిషాల్లో పేగులోకి దిగిపోయింది. రిపోర్ట్‌లో 'ఇరుకు తొలగింది' అని రాశాడు. నేను లేచి చెయ్యి కలపబోయాను. ఆయన కూర్చోమన్నాడు.

"నాలుగు స్టెంట్లు ఇప్పుడే కదా తీశాను. దారి వెడల్పుగా కనిపించక ఏమవుతుంది? అసలు పరీక్ష ఇవాళ మొదలవుతుంది."

స్లాబ్ వేసినప్పుడు సెంట్రింగ్ కర్రలు ఉన్నంతసేపు ఏ స్లాబైనా నిలబడుతుంది. కర్రలు తీశాక, రెండు వానాకాలాలు పోయాక చెప్పాలి మేస్త్రీ గొప్పతనం. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే. 'డిప్లాయ్ సక్సెస్' అని పచ్చటి టిక్ పడుతుంది. ఫైలు అక్కడికి చేరిందని మాత్రమే దానర్థం. అది పనిచేస్తుందో లేదో ఆ టిక్‌కు తెలియదు. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు ఆ టిక్ చూసి ఇంటికెళ్లిపోతుంటారు. ఆ రోజు నేనూ వాళ్లలాగే లేచాను.

'సక్సెస్' అన్న మాట వైద్యంలో ఎన్ని రకాలుగా వాడతారో చూద్దామని ఆ రాత్రి పరిశోధన పత్రాలు తెరిచాను. స్టెంట్ అనుకున్న చోట పడితే ఒక సక్సెస్. కామెర్లు దిగితే ఇంకో సక్సెస్. స్టెంట్ తీశాక ఇరుకు కనబడకపోతే మరొకటి. ఏళ్లు గడిచినా మళ్లీ స్టెంట్ అవసరం పడకపోతే అది చివరిది, మనకు కావాల్సింది. మొదటి రెండూ దాదాపు అందరికీ దక్కుతాయి. అంకె తగ్గేది చివర్లోనే.

ఇందులో పెద్ద పని మన హైదరాబాద్‌లోనే జరిగిందని అప్పుడే తెలిసింది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పేరు, దాన్ని స్థాపించిన డాక్టర్ డి.నాగేశ్వర్ రెడ్డి పేరు, 2025లో ఆయనకు వచ్చిన పద్మవిభూషణ్ మనకు తెలుసు. కానీ పొర ఉన్న లోహపు స్టెంట్లను క్యాన్సర్ కాని ఇరుకులకు వాడి, తర్వాత తీసేయొచ్చా అని పలు దేశాల ఆసుపత్రులు కలిసి 187 మంది మీద చేసిన అధ్యయనంలో రెండో పేరు ఆయనదని నాకు తెలియదు. అది 2014లో అచ్చయింది. అందులో పాంక్రియాస్ దీర్ఘకాలపు వాపు వల్ల నాళం ఇరుకైన 118 మందిని ఐదేళ్ల పాటు గమనించి 2020లో మరో పత్రం వేశారు. దానికి మొదటి పేరు అదే సంస్థలోని డాక్టర్ సందీప్ లఖ్టాకియాది.

ఆ పత్రం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్టెంట్ పెట్టిన 118 మందినీ లెక్కలోకి తీసుకుంటే, ఐదేళ్ల తర్వాత మళ్లీ స్టెంట్ లేకుండా ఉండే అవకాశం 61.6 శాతం. అనుకున్న ప్రకారం స్టెంట్ తీయగలిగిన 94 మందిని మాత్రమే లెక్కిస్తే 77.4 శాతం. అధ్యయనం ఒకటే, స్టెంట్లూ అవే. ఎవరిని లెక్కించారన్న తేడాతోనే అంకెల మధ్య పదహారు శాతం దూరం. వాళ్లు రెండూ దాచకుండా రాశారు. కానీ ఎవరైనా 'మా దగ్గర సక్సెస్ ఇంత శాతం' అని చెబితే, ఎవరిలో, ఎన్నాళ్లకు అని అడక్కుండా ఊరుకోకూడదని ఆ రోజే అనుకున్నాను.

అదే జబ్బుకు లోహపు స్టెంట్ మంచిదా, ప్లాస్టిక్ గుంపు మంచిదా అని 164 మందికి చీటీ వేసినట్టు పంచి చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. మొదటి పేరు డాక్టర్ మోహన్ రాంచందానిది, ఆయనా అక్కడివారే. వాళ్లు తీర్పు చెప్పింది స్టెంట్ తీసిన రోజున కాదు, మొదలుపెట్టిన రెండేళ్లకు. లోహం 75.8 శాతం, ప్లాస్టిక్ 77.1 శాతం. అంటే దాదాపు సమానం. తేడా అంతా ఎన్నిసార్లు ఈఆర్‌సీపీ చేయాల్సి వచ్చిందన్న దాంట్లోనే: సగటున 2.6కు 3.9. ఊరి నుంచి బస్సెక్కి రావాల్సినవాళ్లకు ఆ తేడా చిన్నదేం కాదు.

అమ్మది ఆపరేషన్ దెబ్బ వల్ల వచ్చిన ఇరుకు కాబట్టి ఆమె భవిష్యత్తు ఈ అంకెల్లో లేదు. దానికి రోమ్‌లో కోస్తమాన్యా అనే డాక్టర్ బృందం చేసిన పని ఉంది. ఒకటి, రెండు, మూడు అని స్టెంట్లు పెంచుకుంటూ పోయే పద్ధతిని అలవాటులోకి తెచ్చింది వాళ్లే. అలా నయమైన 35 మందిని సగటున 13.7 ఏళ్లు గమనిస్తే నలుగురికి ఇరుకు మళ్లీ వచ్చింది. వాళ్లకూ ఎండోస్కోపీతోనే సరిచేశారు. ఆ పేజీ చదివాక ఆ రాత్రి నిద్ర పట్టింది.

స్టెంట్లు తీసిన ఆరు వారాలకు చేసిన రక్తపరీక్షలో బిలిరుబిన్ 0.7. ఏఎల్‌పీ 138. కొంచెం ఎక్కువే కానీ దిగుతోంది కదా అన్నాడు డాక్టర్. మళ్లీ మూడు నెలలకు చేయించమన్నాడు. ఈ నెల మొదట్లో హుజూర్‌నగర్‌లోనే రక్తం ఇప్పించి, రిపోర్ట్ వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. ఏఎల్‌పీ 171.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. నాళం మళ్లీ ఇరుకు పడటం మొదలైతే కామెర్లు రావడానికి చాలా ముందే ఏఎల్‌పీ కదులుతుంది. కంటికి పసుపు కనిపించాలంటే బిలిరుబిన్ రెండున్నర, మూడు దాటాలి. కొంచెం ఇరుకుకు అది అంత పెరగదు. అందుకే 'కండ్లు తెల్లగున్నయి' అనే అమ్మ మాట నాకు ధైర్యం ఇవ్వదు. 138 నుంచి 171 అనేసరికి నా గుండె జారింది. మీటింగ్ మధ్యలో లేచొచ్చేశాను. స్కానింగ్ చేయిస్తే రిపోర్ట్‌లో 'పైత్యనాళాల్లో గాలి ఉంది' అని రాశారు. అది చూసి ఇంకా భయపడ్డాను. గాలి ఎక్కడి నుంచి వచ్చింది?

డాక్టర్ నవ్వాడు. ఈఆర్‌సీపీలో నాళం మొదట్లో గాటు పెట్టారు కాబట్టి పేగులోని గాలి పైకి వెళ్తుంది. కింది ద్వారం తెరిచే ఉందనడానికి అదొక గుర్తు, మంచిదే. నాళాలు ఉబ్బలేదని కూడా అదే రిపోర్ట్‌లో ఉంది, దాన్ని నేను చదవలేదు. ఇక ఏఎల్‌పీ గురించి మాట్లాడుతూ అమ్మను అడిగాడు: "మీ పుట్టిల్లు ఎక్కడమ్మా?"

"మర్రిగూడ దిక్కు, సారూ."

ఉమ్మడి నల్లగొండలో మర్రిగూడ పేరు చెబితే ఎవరికైనా ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అమ్మ పెళ్లయ్యేదాకా ఆ బోరు నీళ్లే తాగింది. పళ్ల మీద గోధుమ రంగు చారలు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. మోకాళ్లు, నడుము పట్టేయడం కూడా. ఏఎల్‌పీ ఒక్క కాలేయం నుంచే రాదు, ఎముకల నుంచీ వస్తుంది. ఫ్లోరోసిస్ ఎముకలకు పాకినవాళ్లలో అది ఎక్కువగా ఉండొచ్చు. మరి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చేదెలా? జీజీటీ అని ఇంకో పరీక్ష ఉంది. అది నాళాలు మూసుకుపోతే పెరుగుతుంది, ఎముకల జబ్బుకు పెరగదు. అదే రక్తంతో చేయించారు. 26. మామూలుగానే ఉంది.

అంటే కాలువ తెరిచే ఉంది, మోగిన గంట ఇంకోచోటిది. ముప్పై ఏళ్ల కిందటి బోరు నీళ్లు వచ్చి ఇవాళ్టి రిపోర్ట్‌లో కూర్చున్నాయి. ఏ పుస్తకంలోని 120 కన్నా అమ్మకు అమ్మ పాత అంకెలే కొలబద్ద అన్నాడు డాక్టర్. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్ష ఏదైనా ఉందా అని అడిగాడు. అటక మీద ప్లాస్టిక్ కవర్‌లో దొరికింది. 2023 రిపోర్ట్, ఏఎల్‌పీ 158. అప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పాత రిపోర్టులు పారేయకండి. మా అమ్మ పప్పుల డబ్బాల మీద మూతలుగా వాడేది, ఇదొక్కటి ఎలా మిగిలిందో.

మరి ఆరు వారాలప్పుడు 138 ఎందుకొచ్చిందంటే ఆ పరీక్ష హైదరాబాద్‌లో చేయించాం, ఇది హుజూర్‌నగర్‌లో. యంత్రం వేరు, పద్ధతి వేరు. ఇకనుంచి ఒకే ల్యాబ్‌లో చేయించమన్నాడు. ఇంత చిన్న సంగతి నాకు తట్టాల్సింది. రెండు వేర్వేరు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి పోల్చొద్దని జూనియర్లకు క్లాసు పీకేవాణ్ణి నేను.

ఇదంతా అయ్యాకే మొన్న ఆదివారం అమ్మ మొక్కు గురించి అడిగింది. అన్నం తిన్నాక, చేతులు కడుక్కుని వచ్చి చెప్పాను. ఇప్పటికి బాగుందమ్మా, కానీ మళ్లీ ఇరుకు పడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలో పడుతుందంట, ఆ తర్వాత కూడా ఏడాదికోసారి చూపించుకోవాలంట, కాబట్టి మొక్కు రెండేళ్లు ఆగి తీర్చుకోవచ్చు అని.

అమ్మ నన్ను ఓ వింత మనిషిని చూసినట్టు చూసింది.

"రెండేండ్లా? దేవునికి రెండేండ్లు బాకీ పెడుతరా ఎవరన్న? నేను ఉప్పుకారం తింటున్న, రాత్రి పంటున్న. నా లెక్క నాకయింది. వచ్చే శనివారం నేనూ మీ నాయినా పోయొస్తం. నీ లెక్క అయిననాడు మల్ల పోదాం, నరసింహస్వామి ఏడికి పోతడు?"

"మరి ఫిబ్రవరిలో రక్తం ఇవ్వాలి, ఈసారి నాట్లు అంటే ఊరుకోను," అన్నాను.

కొత్త ఏడాది క్యాలెండర్ ఇంకా ఇంటికి రాలేదు. నాయిన వడ్ల లెక్కలు రాసుకునే సుద్దముక్క తీసుకుని, వంటింటి తలుపు మీద రాశాడు: 'ఫిబ్రవరి 10, రక్తం'. అమ్మ దాని కింద గీత గీయించింది.